పిక్కలు సన్నబడుతున్నాయి, ఏ మొక్క మందు వాడమంటారు?

ప్రశ్న: నా వయసు 71 ఏళ్లు, బరువు 60 కిలోలు. రాజమహేంద్రవరంలో ఉంటున్నాను. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. 14 ఏళ్లుగా షుగర్ ఉంది. దానికి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు, బీపీకి టెల్మిసార్టాన్, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్, వీటితోపాటు ఆస్పిరిన్ వేసుకుంటున్నాను. రెండేళ్లుగా తొడలు, పిక్కలు సన్నబడ్డాయి. కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆనించాలి, మేడ మెట్లెక్కాలంటే కమ్మీ పట్టుకోవాలి. ఇది వయసుతో వచ్చే కండ నష్టమనీ, దీనికి మొక్కల సారాలు మందుగా పనిచేస్తాయనీ చదివాను. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి దానిమ్మ నుంచి వచ్చే యూరోలిథిన్ మాత్రలు పంపాడు. పక్కింటివారు అశ్వగంధ పొడి ఇచ్చారు. నేను రెండు వారాలుగా మిరియాల సారం కలిపిన పసుపు మాత్ర వాడుతున్నాను. వీటిలో ఏది మంచిది, అన్నీ కలిపి వాడవచ్చా? ఈ వయసులో వ్యాయామశాలకు వెళ్లలేను కనుక మందు మార్గమే చెప్పగలరు.

జవాబు: మాస్టారికి నమస్కారం. మీరు వేసుకుంటున్న మందులన్నీ వివరంగా రాసినందుకు ముందుగా కృతజ్ఞతలు, ఎందుకంటే ఆ వివరాలు లేకపోతే నేనిచ్చే సలహా మీకు మేలు చేయకపోగా కీడు చేసే ప్రమాదం ఉండేది. మీరు అడిగిన వాటిలో ఒక దానికి జవాబు ఆలస్యం కాకూడదు కనుక ముందే చెబుతున్నాను. మిరియాల సారం కలిపిన పసుపు మాత్రను ఈ రోజే ఆపేయండి. కారణం కింద వివరిస్తాను. పప్పులో, కూరలో వేసుకునే పసుపు గురించి నేను ఈ మాట అనడం లేదు, దాన్ని యథాప్రకారం వాడుకోవచ్చు.

వయసుతో కండ, దానితోపాటు బలం తగ్గిపోయే స్థితిని వైద్యులు సార్కోపీనియా అంటారు. గ్రీకు భాషలో మాంసం, లేమి అనే అర్థాలున్న రెండు మాటలను కలిపి అమెరికాకు చెందిన పోషకాహార శాస్త్రవేత్త ఇర్విన్ రోజెన్‌బర్గ్ 1989లో ఈ పేరు పెట్టారు. అంతకు ముందు వేల ఏళ్లుగా మనుషులు ముసలివాళ్లవుతూనే ఉన్నా, ఈ నీరసానికి ఒక పేరంటూ లేకపోవడం వల్ల అది చికిత్స చేయదగిన సమస్యగా ఎవరి దృష్టికీ రాలేదు. అయితే మీకున్నది నిజంగా ఇదేనా అన్నది కొలిచి చూడాలి. మీరు లెక్కల మాస్టారు కనుక అంకెలతోనే చెబుతాను. ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం, చేతులు ఛాతీమీద కట్టుకుని కుర్చీలోంచి వరుసగా 5 సార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకు మించి పడితే కాళ్ల బలం తగ్గినట్లు. మామూలు నడకలో సెకనుకు ఒక మీటరు దూరం దాటలేకపోతే, అంటే 6 మీటర్ల వరండా నడవడానికి 6 సెకన్లకు మించి పడితే, నడక మందగించినట్లు. పిక్క లావుగా ఉన్న చోట టేపుతో కొలిచినప్పుడు చుట్టుకొలత పురుషులకు 34 సెంటీమీటర్ల లోపు, స్త్రీలకు 33 సెంటీమీటర్ల లోపు ఉంటే కండ తగ్గి ఉండవచ్చని అనుమానించాలి. కాలికి నీరు పట్టి ఉంటే మాత్రం ఈ కొలత మోసం చేస్తుంది. పిడికిలి బలాన్ని కొలిచే పరికరం ఫిజియోథెరపీ చేసేవారి దగ్గర ఉంటుంది, పురుషులకు అది 28 కిలోల లోపు చూపితే బలహీనత ఉన్నట్లే.

కొలతలు తీసుకున్నాక కూడా, మీ వంటివారి విషయంలో వయసు మీద తప్పంతా వేసేసి ఊరుకోకూడదు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడిన వారిలో కొందరికి బి12 విటమిన్ తగ్గిపోతుంది, దానితో నరాలు దెబ్బతిని కాళ్లు బలం కోల్పోతాయి. దీర్ఘకాలపు షుగర్ కూడా నరాలను దెబ్బతీసి కండను కరిగించగలదు. అటోర్వాస్టాటిన్ వాడేవారిలో కొందరికి కండరాల నొప్పి, నిస్సత్తువ వస్తాయి. అయితే ఆ అనుమానం వచ్చినా మాత్ర సొంతంగా ఆపకూడదు, వైద్యుడితో మాట్లాడి మోతాదో మందో మార్చుకోవాలి. థైరాయిడ్ లోపం, విటమిన్ డి లోపం కూడా ఇదే రూపంలో కనిపిస్తాయి. కాబట్టి బి12, విటమిన్ డి, థైరాయిడ్, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్, కాలేయ పరీక్ష, కండరాలు దెబ్బతింటే పెరిగే సీపీకే, మూత్రంలో అల్బుమిన్ పరీక్ష, మూడు నెలల షుగర్ సగటు చూపే హెచ్‌బీఏ1సీ చేయించండి. ఒక కాలు మాత్రమే సన్నబడుతున్నా, కొద్ది నెలల్లోనే బరువు గణనీయంగా తగ్గినా, మింగడం కష్టమైనా ఈ పత్రికలో జవాబు కోసం ఎదురుచూడకుండా వెంటనే వైద్యుడిని కలవాలి.

ఇక మీరు అడిగిన అసలు విషయానికి వస్తాను. మన కండ గోడలా ఒకసారి కట్టి వదిలేసింది కాదు. అందులోని మాంసకృత్తులు ప్రతిరోజూ కొంత విరిగిపోతూ, కొంత కొత్తగా తయారవుతూ ఉంటాయి. యవ్వనంలో ఒక గుడ్డు తిన్నా, ఒక బరువెత్తినా ఆ నిర్మాణం వెంటనే ఊపందుకుంటుంది. వయసు మళ్లాక అదే తిండికి, అదే పనికి కండరం అంతగా స్పందించదు. దీనికి తోడు వెన్నుపాములో కండరాలను నడిపే నాడీకణాలు క్రమంగా తగ్గిపోతాయి, వాటిని నమ్ముకుని ఉన్న కండర పోగులు దిక్కులేనివవుతాయి. ఇలా పోయేవాటిలో వేగంగా పనిచేసే పోగులే ఎక్కువ. కుర్చీలోంచి లేవడానికి, కాలు జారినప్పుడు తూలకుండా నిలదొక్కుకోవడానికి పనికొచ్చేవి అవే. అందుకే కండ కొద్దిగా తగ్గినా బలం అంతకంటే ఎక్కువ తగ్గుతుంది. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు పాతబడి పేరుకుపోవడం, ఒంట్లో సన్నని సెగలా వాపు కొనసాగడం, ఇన్సులిన్ మాటను కండరం వినకపోవడం కూడా ఇందులో భాగమే. వీటిలో ఒక్కో మెట్టు దగ్గర ఏదో ఒక మొక్క పదార్థం అడ్డుపడగలదని ప్రయోగశాలల్లో కనిపించడం వల్లనే శాస్త్రవేత్తలు మొక్కల సారాల వైపు చూస్తున్నారు. ఆ చూపులో తప్పులేదు, ఆసక్తికరమైన పనే జరుగుతోంది. తేడా అంతా, గిన్నెలోని కణంలోనో ఎలుకలోనో కనిపించినది 71 ఏళ్ల మనిషి కాలి బలంగా మారిందా అన్న దగ్గరే వస్తుంది.

మీ అబ్బాయి పంపిన యూరోలిథిన్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే ఈ జాబితాలో వయసు మళ్లిన మనుషుల మీద కాస్త పద్ధతిగా పరీక్షించిన వాటిలో ఇది ఒకటి. నిజానికి ఈ పదార్థం దానిమ్మలో ఉండదు. దానిమ్మలోని ఎల్లాజిటానిన్లు అనే పదార్థాలను మన పేగుల్లోని సూక్ష్మజీవులు విడగొట్టినప్పుడు ఇది తయారవుతుంది. ఆ సూక్ష్మజీవులు అందరిలో తగినన్ని లేకపోవడం వల్ల ఎన్ని పండ్లు తిన్నా చాలామందిలో ఇది తయారుకాదు, మాత్ర రూపంలో తయారుచేయడానికి కారణం అదే. పాడైన మైటోకాండ్రియాలను కణం తానే ఏరివేసుకునేలా ఇది ప్రేరేపిస్తుందని, దీనివల్ల చిన్న పురుగుల ఆయుష్షు పెరిగిందని, ఎలుకలు ఎక్కువసేపు పరుగెత్తాయని 2016లో వెల్లడైంది. ఆ తర్వాత 65 నుంచి 90 ఏళ్ల వయసున్న 66 మందికి అమెరికాలో నాలుగు నెలలపాటు రోజుకు 1000 మిల్లీగ్రాముల యూరోలిథిన్‌నో, మందు లేని ఉత్తి మాత్రనో ఇచ్చి చూశారు. ఆ ఫలితాలు 2022లో వచ్చాయి. చేతి, కాలి కండరం అలసిపోకుండా ఎన్నిసార్లు ముడుచుకోగలదన్న కొలతలో యూరోలిథిన్ వాడినవారు మెరుగ్గా ఉన్నారు. కానీ ఆ అధ్యయనం ప్రధానంగా తేల్చదలచుకున్నవి రెండు, 6 నిమిషాల్లో ఎంత దూరం నడవగలరన్నది ఒకటి, కండరం ఎంత శక్తిని తయారుచేయగలదన్నది మరొకటి. ఆ రెండింటిలోనూ ఉత్తి మాత్ర వేసుకున్నవారికీ వీరికీ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. మాత్ర వల్ల తీవ్రమైన హాని కనిపించలేదు. అంటే దీన్ని పనికిరానిదని కొట్టిపారేయలేము, మీ కాళ్లకు బలం తెస్తుందని హామీ ఇవ్వనూ లేము.

అశ్వగంధ విషయం మనకు దగ్గరిది. పెన్నేరుగడ్డ అని మన పెద్దలు పిలిచిన ఈ వేరు బలాన్నిచ్చే మూలికల వరుసలో చరక సంహిత కాలం నుంచీ ఉంది, కాబట్టి దాన్ని తేలిగ్గా మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. దీని గురించి ఎక్కువగా ఉదహరించే అధ్యయనం మన దేశంలోనే జరిగి 2015లో అచ్చయింది. 18 నుంచి 50 ఏళ్ల లోపు పురుషులు 57 మందిని రెండు జట్లుగా చేసి, ఇద్దరితోనూ 8 వారాలు బరువుల వ్యాయామం చేయించి, ఒక జట్టుకు అశ్వగంధ వేరు సారం 300 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, మరో జట్టుకు ఉత్తి మాత్ర ఇచ్చారు. పడుకుని బరువెత్తే వ్యాయామంలో అశ్వగంధ జట్టువారు సగటున 46 కిలోలు ఎక్కువ ఎత్తగలిగారు, ఉత్తి మాత్ర జట్టువారు 26 కిలోలు ఎక్కువ ఎత్తగలిగారు. ప్రకటనల్లో మొదటి అంకె మాత్రమే కనిపిస్తుంది. మాస్టారూ, మీరు రెండో అంకెను కూడా చూడండి. ఏ మందూ లేనివారికి కూడా కేవలం వ్యాయామం వల్లే అంత బలం వచ్చింది. మరో ముఖ్యమైన సంగతి, ఆ 57 మందిలో మీ వయసువారు ఒక్కరూ లేరు, వ్యాయామం చేయకుండా అశ్వగంధ మాత్రమే తీసుకున్న జట్టు కూడా లేదు. కాబట్టి ఆ పరిశోధనను చూపి, కుర్చీలో కూర్చుని పాలలో పొడి కలుపుకుని తాగితే తొడలు గట్టిపడతాయని చెప్పడం ఆ పరిశోధన చెప్పని మాటను దానికి అంటగట్టడమే అవుతుంది.

మీకు మాత్రం ప్రస్తుతం అశ్వగంధ వద్దని స్పష్టంగా చెబుతున్నాను. అది రక్తంలో చక్కెరను తగ్గించగలదు, మీరు వాడుతున్న గ్లిమెపిరైడ్ కూడా చక్కెరను బాగా తగ్గించే మందు. రెండూ కలిసి తెల్లవారుజామున చక్కెర పడిపోతే, బలహీనమైన కాళ్లతో బాత్రూమ్‌కు లేచిన మనిషికి ఏం జరుగుతుందో ఊహించడానికే నాకు భయంగా ఉంటుంది. అది బీపీని తగ్గించగలదు, కొందరిలో మగతనూ తెస్తుంది. థైరాయిడ్ హార్మోన్‌ను పెంచగలదు, మీ థైరాయిడ్ ఎలా ఉందో మనకింకా తెలియదు. ఐస్‌లాండ్‌లోనూ అమెరికాలోనూ అశ్వగంధ మాత్రలు వాడిన ఐదుగురికి కాలేయం దెబ్బతిని కామెర్లు వచ్చిన సంగతి 2020లో వైద్య పత్రికలో వచ్చింది, వారు కోలుకున్నారు. డెన్మార్క్ 2023లో దీని అమ్మకాన్ని నిషేధించింది. ఇలాంటి హాని అరుదైనదే, వాడిన ప్రతివారికీ రాదు. కానీ అయిదు రకాల మందులు వేసుకునే మనిషికి అరుదైన ప్రమాదం కూడా లెక్కలోకి వస్తుంది. పరీక్షలన్నీ సరిగా వచ్చాక కూడా వాడాలనే కోరిక ఉంటే, అర్హత ఉన్న ఆయుర్వేద వైద్యుడికి మీ మందుల చీటీ మొత్తం చూపించి, మీ షుగర్ డాక్టరుకు కూడా తెలిపి మొదలుపెట్టండి.

పసుపు మాత్రను ఎందుకు ఆపమన్నానో ఇప్పుడు చెబుతాను. పసుపులోని కర్క్యుమిన్ వాపును తగ్గిస్తుందని ప్రయోగశాలల్లో కనిపించింది, కానీ తిన్న కర్క్యుమిన్ రక్తంలోకి చేరేది అత్యల్పం. మిరియాలలోని పైపరిన్‌ను 20 మిల్లీగ్రాములు కలిపితే మనుషుల్లో ఆ చేరిక 2000 శాతం పెరిగిందని బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 1998లో చూపించారు. అప్పటినుంచి ఈ జంట మాత్రలు ప్రపంచమంతా అమ్ముడవుతున్నాయి. పైపరిన్ ఆ పని ఎలా చేస్తుందో గమనించాలి. కాలేయం, పేగులు బయటి పదార్థాలను విరిచి పంపించే వ్యవస్థను అది మందగింపజేస్తుంది, ఆ వ్యవస్థ మీరు వేసుకునే ఇతర మందులను కూడా విరిచేదే. అంటే కర్క్యుమిన్‌కు తెరిచిన తలుపు మిగిలిన మందులకూ తెరుచుకోవచ్చు. అమెరికాలో పసుపు మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న 10 మంది వివరాలు 2022లో వెలువడ్డాయి. వారు వాడిన వాటిలో పరీక్షించిన 7 ఉత్పత్తుల్లో 3 ఉత్పత్తుల్లో పైపరిన్ ఉంది, ఆ పదిమందిలో ఒకరు మరణించారు. అదీగాక కర్క్యుమిన్ అధిక మోతాదులో రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గించగలదు, మీరు ఇప్పటికే ఆస్పిరిన్ మీద ఉన్నారు. వృద్ధుల కండ విషయంలో దీనివల్ల స్థిరమైన మేలు రుజువు కాలేదు కనుక ఈ ప్రమాదాన్ని నెత్తిన వేసుకోవడంలో అర్థం లేదు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, అన్నం సహించకపోయినా కాలేయ పరీక్షకు రేపటిదాకా ఆగవద్దు.

మీరు అడగకపోయినా, ఈ దారిలో వెళ్లేవారికి ఎదురయ్యే పేర్లు ఇంకొన్ని ఉన్నాయి. ఆపిల్ తొక్కలోనూ మన తులసిలోనూ ఉండే ఉర్సోలిక్ ఆమ్లం, పచ్చి టమాటాలో ఉండే టొమాటిడిన్ ఎలుకల్లో కండ పెంచాయని అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం వారు 2011 నుంచి చూపుతూ వచ్చారు. మనుషుల్లో ఉర్సోలిక్ ఆమ్లంతో చేసిన చిన్న చిన్న ప్రయోగాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. పిల్లిపీచర అని మనం పిలిచే శతావరి వేరును ఇంగ్లండులో నెలసరి ఆగిన 20 మంది స్త్రీలతో చేసిన ప్రయోగంలో వాడారు. 6 వారాలకు పిడికిలి బలం పెరిగిందని 2021లో రాశారు. ఆశ కలిగించే ఫలితమే కానీ, 20 మంది, 6 వారాలు అన్న అంకెలు మీలాంటివారికి సలహా ఇవ్వడానికి చాలవు. తిప్పతీగ కోవిడ్ రోజుల్లో మన ఇళ్లలో బాగా వ్యాపించింది. దాని కషాయం, మాత్రలు వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్న సంగతిని 2021లో ముంబై వైద్యులు ప్రచురించారు. బలానికని దాన్ని రోజూ తాగే అలవాటు ఉంటే మానుకోవడం మంచిది.

నాకు ఈ మొత్తం పరిశోధనలో అన్నిటికన్నా విలువైనవిగా కనిపించేవి రెండు అధ్యయనాలు, అవి ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదవాల్సినవి. జపాన్‌లో 75 ఏళ్లు దాటిన, కండ నష్టం ఉన్న 128 మంది స్త్రీలను నాలుగు జట్లుగా చేశారు. ఒక జట్టుకు వ్యాయామంతోపాటు గ్రీన్ టీలోని క్యాటెకిన్లు, ఒక జట్టుకు వ్యాయామం మాత్రమే, ఒక జట్టుకు టీ మాత్రమే ఇచ్చారు, మిగిలిన జట్టుకు ఆరోగ్య పాఠాలు చెప్పారు. మూడు నెలల తర్వాత నడక వేగంలోనూ కాళ్ల కండలోనూ మేలు పొందినవారు వ్యాయామమూ టీ కలిపి పొందినవారే. రెండోది డెన్మార్క్‌లో 65 ఏళ్ల ప్రాంతపు పురుషులు 27 మందితో చేసి 2013లో వెల్లడించినది. ద్రాక్షలో ఉండే రెస్వెరట్రాల్ అనే ప్రసిద్ధ పదార్థాన్ని రోజుకు 250 మిల్లీగ్రాముల చొప్పున 8 వారాలు కఠిన వ్యాయామంతో కలిపి ఇచ్చారు. మేలు పెరుగుతుందని అందరూ అనుకున్నారు. కానీ వ్యాయామం మాత్రమే చేసినవారికి బీపీ, కొలెస్ట్రాల్, ప్రాణవాయువును వినియోగించుకునే శక్తి బాగా మెరుగుపడగా, రెస్వెరట్రాల్ కూడా తీసుకున్నవారిలో ఆ మేలు తగ్గిపోయింది. మొక్క నుంచి వచ్చింది కనుక చేరిస్తే మంచే జరుగుతుంది, లేకపోతే నష్టమేమీ ఉండదు అన్న నమ్మకానికి ఈ ఫలితం గట్టి దెబ్బ. గ్రీన్ టీ తాగడం మంచిదే, కానీ దాని సారాన్ని మాత్రలుగా తీసుకుని అందులోని ముఖ్యమైన క్యాటెకిన్ అయిన ఈజీసీజీ రోజుకు 800 మిల్లీగ్రాములకు చేరితే కాలేయానికి ఒత్తిడి మొదలవుతుందని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది.

పక్కింటివారు ఇచ్చిన పొడి గురించి ఒక మాట విడిగా చెప్పాలి. దాని మీద లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, మొక్కలో ఏ భాగం వాడారన్న వివరం లేకపోతే, వారి ప్రేమను స్వీకరించి పొడిని పక్కన పెట్టండి. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద ఉత్పత్తులను అమెరికాలో పరీక్షించినప్పుడు, దాదాపు 5లో ఒకదానిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉందని 2008లో తేలింది. దానికంటే నన్ను ఎక్కువ బాధించే విషయం, పేరూ ఊరూ లేని బలం పొడుల్లో, కీళ్ల నొప్పుల పొడుల్లో స్టెరాయిడ్లు కలపడం. వాడిన వారానికే హుషారు వస్తుంది, ఆకలి వేస్తుంది, మందు అద్భుతం అనిపిస్తుంది. అదే స్టెరాయిడ్ నెలలు గడిచేసరికి తొడల కండను కరిగించేస్తుంది, షుగర్‌ను పెంచేస్తుంది. కండ కోసం వెళ్లి ఉన్న కండ పోగొట్టుకున్నవారిని నేను చూశాను.

ఇప్పుడు మీరు వద్దన్న దారి గురించి మాట్లాడనివ్వండి. ఈ వయసులో వ్యాయామశాలకు వెళ్లలేనని రాశారు. వెళ్లనవసరం లేదు, కానీ కండరానికి పని చెప్పకుండా ఉండటం కుదరదు. అమెరికాలోని బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో ఉన్న, 90 ఏళ్ల సగటు వయసు గల 10 మందితో మరియా ఫియాటరోన్ బృందం 8 వారాలు కాళ్లకు బరువుల వ్యాయామం చేయించింది. పూర్తి చేసిన 9 మందికి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగిందని 1990లో వెల్లడైంది. ఆ బృందమే నాలుగేళ్ల తర్వాత సగటున 87 ఏళ్లున్న 100 మందిని తీసుకుని, కొందరికి వ్యాయామం, కొందరికి పోషక పానీయం, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేకుండా 10 వారాలు గమనించింది. వ్యాయామం చేసినవారి బలం 113 శాతం పెరిగింది, వారు మెట్లెక్కే సామర్థ్యం కూడా పెరిగింది. వ్యాయామం లేకుండా పోషక పానీయం ఒక్కటే తాగినవారికి ఆ మేలు రాలేదు. మొక్కల సారాల మీద జరిగిన ఏ పరిశోధనా వృద్ధుల్లో ఇంతటి అంకెను చూపలేదు. సార్కోపీనియాకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించిన మందు ఏదీ ఇప్పటికీ లేకపోవడం కూడా మీరు గమనించాలి. 71 ఏళ్లంటే ఆ అధ్యయనాల్లోని వారికంటే మీరు 15 నుంచి 20 ఏళ్లు చిన్నవారు.

మీ ఇంట్లో ఉన్న కుర్చీతోనే మొదలుపెట్టండి. చేతులు లేని, జారని కుర్చీని గోడకు ఆనించి, పక్కన ఎవరైనా నిలబడి ఉండగా, అవసరమైతే మొదట్లో దిండు వేసి ఎత్తు పెంచుకుని, నెమ్మదిగా లేచి అంతకంటే నెమ్మదిగా కూర్చోండి. ఒక విడతకు 8 సార్లు చొప్పున, మధ్యలో రెండు నిమిషాలు ఆగి, 3 విడతలు చేయండి. చివరి రెండుసార్లు లేవడం కష్టం అనిపించాలి, అది లేకపోతే కండరానికి సందేశం అందదు. అలవాటయ్యాక దిండు తీసేయండి, ఆ తర్వాత చేతుల్లో నీళ్ల సీసాలు పట్టుకోండి. గోడ పట్టుకుని మడమలు ఎత్తి దించడం పిక్కలకు, గోడకు చేతులు ఆనించి తోయడం భుజాలకు పని చెబుతుంది. ఊపిరి బిగబట్టకండి, బీపీ పెరుగుతుంది. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు చాలు. 65 ఏళ్లు దాటినవారు వారానికి కనీసం రెండు రోజులు బలం పెంచే వ్యాయామం, మూడు రోజులు నిలకడకు సంబంధించిన వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. గోదావరి గట్టున నడక మంచిదే, మానవద్దు, కానీ నడక ఒక్కటే తొడల బలాన్ని తిరిగి తేలేదు. గ్లిమెపిరైడ్ వాడుతున్నారు కనుక ఖాళీ కడుపుతో వ్యాయామం చేయకండి, పాదాలకు చెప్పులో బూట్లో ఉండాలి. ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నట్లయితే గుండె డాక్టరు అనుమతి తీసుకున్నాకే మొదలుపెట్టాలి.

తిండి విషయంలో మన ఇళ్లలో పెద్దవాళ్లు చేసే పొరపాటు రాత్రిపూట రెండు ఇడ్లీలతోనో, మజ్జిగ అన్నంతోనో సరిపెట్టుకోవడం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు సిఫారసు చేసింది. వయసు మళ్లినవారికి 1 నుంచి 1.2 గ్రాములు అవసరమని అంతర్జాతీయ నిపుణుల బృందం 2013లో సూచించింది. మీ 60 కిలోలకు అది 60 నుంచి 72 గ్రాములు. లెక్క వేసి చూడండి. ఉదయం 50 గ్రాముల పెసలతో పోసిన పెసరట్లలో 12, గ్లాసు పాలలో 6, మధ్యాహ్నం అన్నం, గట్టి పప్పు, పెరుగు కలిపి 20, సాయంత్రం గుప్పెడు ఉడికించిన శనగలు, గుప్పెడు వేరుశనగలు కలిపి 12, రాత్రి రెండు గుడ్లలో 12 గ్రాములు వస్తాయి. మొత్తం 62. గుడ్డు తినని ఇళ్లలో పనీరో మీల్‌మేకరో ఆ లోటు పూడుస్తాయి. వృద్ధుల కండరం కొద్దికొద్దిగా వచ్చే మాంసకృత్తులకు సరిగా స్పందించదు కనుక ఒక్క పూటలో కాకుండా మూడు పూటలా తగినంత పడేలా చూసుకోవాలి. క్రియాటినిన్ పెరిగినా, మూత్రంలో అల్బుమిన్ పోతున్నా ఈ లెక్క మీకు వర్తించదు, అప్పుడు కిడ్నీ డాక్టరు చెప్పిన మోతాదే పాటించాలి. దానిమ్మ పండును పండుగానే తినండి, రసం తీసి తాగితే మీ షుగర్‌కు మంచిది కాదు.

ఇంకొకటి, జ్వరం వచ్చినప్పుడు రోజుల తరబడి మంచం దిగకుండా పడుకోవద్దు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులనే 10 రోజులు మంచం మీద ఉంచి చూసినప్పుడు కాళ్ల నుంచే దాదాపు ఒక కిలో కండ పోయిందని 2007లో తేలింది. మా నాన్నగారు ఒక వర్షాకాలం జ్వరంతో రెండు వారాలు పడుకుని లేచాక, ఆ కాళ్లకు తిరిగి బలం రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ రోజుల్లో నేను వైద్యుడినై ఉండి కూడా ఆయన్ను రోజుకు నాలుగుసార్లు లేపి కూర్చోబెట్టాలన్న ఆలోచన చేయలేదు, ఇప్పటికీ అది నన్ను బాధిస్తుంది.

మీ అబ్బాయి పంపిన మాత్రలను మాత్రం పారేయమని చెప్పను. రక్త పరీక్షల ఫలితాలు వచ్చి, కుర్చీ వ్యాయామం 6 వారాలు క్రమం తప్పకుండా సాగాక, మీ డాక్టరుకు డబ్బా చూపించి వేసుకోవచ్చు. వేసుకుంటే అదొక్కటే వేసుకోండి, ఇంకే సారాన్నీ దానితో కలపవద్దు. అలా అయితే మేలైనా కీడైనా దేనివల్ల వచ్చిందో తెలుస్తుంది. అవి అయిపోయాక మళ్లీ కొనమని మాత్రం అబ్బాయికి చెప్పకండి, ఆ డబ్బును మొదటి రెండు నెలలు ఇంటికి వచ్చి వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టుకు వెచ్చించమనండి. ఈ రోజు సాయంత్రం మీ శ్రీమతిగారిని గడియారం పట్టుకోమని, 5 సార్లు లేచి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో, చేతులు ఆనించక లేవలేకపోతే ఆ మాటే, పిక్క చుట్టుకొలతతో సహా ఒక కాగితం మీద తేదీ వేసి రాసుకోండి. 12 వారాల తర్వాత అదే కుర్చీలో మళ్లీ కొలిచి, ఆ రెండు అంకెలూ పరీక్షల నకళ్లూ నాకు పంపండి, వాటిని చూసి మిగతాది రాస్తాను.